పాటు వేళకు మోగిన గడియారం

నేను ఒక అలారం గడియారాన్ని. ఇంతమాత్రం చెప్పి ఊరుకుంటే నా పరువు దక్కదు కాబట్టి ఇంకో మాట కూడా చెప్పుకోవాలి. ముప్పై ఏడేళ్లపాటు నేను ఒకే ఒక్క టైముకి మోగాను. తెల్లవారుజాము నాలుగున్నర. ఎండాకాలమైనా, వానాకాలమైనా, ఎలక్షన్ల రోజైనా, తుపాను రోజైనా నాకు నాలుగున్నరే. అలాంటి నన్ను ఒక ముసలమ్మ పట్టపగలు పదకొండు గంటలకి, ఎండు చేపల పక్కన కూచోబెట్టి, కాకులు వింటుండగా మోగించింది. ఆ దెబ్బ నుంచి ఇంకా తేరుకోలేదు నేను.

ఎక్కడో ఉత్తరాదిన ఒక ఫ్యాక్టరీలో పుట్టాను. రేకు ఒళ్లు, ఆకుపచ్చ రంగు, నెత్తిన రెండు గంటలు, వాటి మధ్య చిన్న సుత్తి. వెనక రెండు తాళాలు, ఒకటి నడవడానికి, రెండోది అరవడానికి. ముఖం మీద నాలుగు ముళ్లు. గంటల ముల్లు, నిమిషాల ముల్లు, సెకన్ల ముల్లు ఎవరి మాటా వినవు. నాలుగోది పొట్టిది, అలారం ముల్లు. అది మాత్రం మనిషి ఎటు తిప్పితే అటు తిరుగుతుంది. నాకు జరిగిన అవమానాలన్నీ ఆ పొట్టి ముల్లు మూలంగానే జరిగాయి.

విజయనగరంలో ఒక కొట్టులో నన్ను కొన్నది సన్యాసిరావు మాస్టారు. హైస్కూల్లో డ్రిల్లు మాస్టారు. కొన్న రోజే పొట్టి ముల్లుని నాలుగున్నర మీద పెట్టారు. మళ్లీ దాన్ని ముట్టుకోలేదు. పరుగు నేర్చుకునే పిల్లలందరికీ ఆయన చెప్పేది ఒకటే మాట. "పరుగుకి వేళ ఒక్కటే. నాలుగున్నరకి లేవాలి, అయిదింటికి గ్రౌండులో ఉండాలి. సాయంత్రం పరిగెత్తితే ఒంటికి వేడి. మధ్యాహ్నం పరిగెత్తితే పిచ్చి." ఆ మాట ఆయన చెబుతుంటే ఊళ్లో డాక్టరు కూడా తలూపేవాడు. శంఖంలో పోస్తే గాని తీర్థం కాదంటారే, అలాగ నా గంటలోంచి వస్తే గాని తెల్లారినట్టు కాదన్నమాట. మాస్టారి భార్యకి మాత్రం నేనంటే గిట్టేది కాదు. రెండు గంటల మధ్యా దూది కుక్కేది. ఆయన ఆ దూది పీకేవారు. ఇద్దరూ ఇరవై ఏళ్లు అలాగే కాపరం చేశారు.

మాస్టారు రిటైరయ్యాక ఒక రోజు రత్నం వచ్చింది. మైలపల్లి నూకరత్నం. హైస్కూల్లో ఆయన దగ్గరే పరుగు నేర్చుకున్న మనిషి. సముద్రం ఒడ్డున దిబ్బలపేటలో ఉంటుంది. పోలీసు కానిస్టేబులు ఉద్యోగానికి రాత పరీక్ష పాసైంది. ఇంక మిగిలింది పరుగు. ఎనిమిది వందల మీటర్లు అయిదు నిమిషాల్లో పరిగెత్తాలి. వయసు లెక్క చూసుకుంటే ఇదే ఆఖరి అవకాశం.

"పదేళ్లయింది మాస్టారూ పరిగెత్తి. మీరే దారి చూపాల," అంది.

"ఇప్పుడెందుకమ్మా ఈ పరుగు? నీ పెనిమిటి సంపాదిస్తున్నాడుగా?"

రత్నం సంగతంతా చెప్పుకొచ్చింది. పెనిమిటి ఎర్రయ్య గుజరాత్‌లో వెరావల్ రేవులో ఎవరి బోటు మీదో పని చేస్తాడు. ఏడాదిలో ఎనిమిది నెలలు అక్కడే. నిరుడు ఒకసారి పన్నెండు రోజులు ఆ బోటు జాడ లేదు. సరిహద్దు దాటిందని కొందరు, మునిగిపోయిందని కొందరు. పదమూడో రోజు ఫోను వచ్చింది, ఇంజను పాడయిందట. ఆ పన్నెండు రోజులూ రత్నం, అత్తగారు గురమ్మా ఒకరి ముఖం ఒకరు చూసుకోకుండా గడిపారట.

"ఈ ఉజ్జోగం నాకొస్తే ఆడు ఎనక్కొచ్చేత్తాడు మాస్టారూ. మాటిచ్చాడు," అంది.

మాస్టారు లోపలికెళ్లి నన్ను తెచ్చి ఆమె చేతిలో పెట్టారు. "సెల్‌ఫోను అలారం ఒక్క వేలితో నోరు మూసుకుంటుందమ్మా. దీని నోరు మూయించాలంటే లేచి కూచోవాలి. ముల్లు మాత్రం కదపకు," అన్నారు. నేనైతే గర్వంతో ఉబ్బిపోయాను.

ఆ గర్వం సరిగ్గా వారం రోజులు నిలిచింది. దిబ్బలపేటలో గ్రౌండు లేదు. ఉన్నది సముద్రం ఒడ్డు. మాస్టారు వచ్చి టేపు పెట్టి కొలిచి, నాలుగు వందల మీటర్ల దూరంలో రెండు కర్రలు పాతారు. ఈ కర్ర నుంచి ఆ కర్రకి వెళ్లి తిరిగొస్తే ఎనిమిది వందలు. రత్నం రోజూ నా అరుపుకి లేచి, అయిదింటికి పరిగెత్తేది. ఆరు నిమిషాలు. మర్నాడు ఆరు నిమిషాల పది సెకన్లు. ఆ మర్నాడు ఇంకా ఎక్కువ. పిక్కలు పట్టేసి గుమ్మంలో కూలబడేది. గురమ్మ ఆవదం రాస్తూ కోడలి కాళ్లకేసి చూసేది, తరవాత నాకేసి చూసేది. ఆ చూపు నాకు నచ్చలేదు.

ఎనిమిదో రోజు సాయంత్రం నన్ను ఒళ్లో పెట్టుకుంది. కళ్లజోడు లేదు, చదువు లేదు. పొట్టి ముల్లు మీద వేలు పెట్టింది. ముప్పై ఏడేళ్లుగా ఎవరూ కదపని ముల్లు. దాని కింద తుప్పు కూడా పట్టింది. కిర్రుమని తిప్పేసింది.

"అత్తా, మాస్టారు ముట్టుకోవద్దన్నారు," అంది రత్నం.

"మేస్టారికేటి తెల్సు? నువ్వు పరిగెత్తే ఏలకి నిండు పోటు. నీళ్లు పైకొచ్చేసి ఉంటాయి. మెత్తటిసకలో ఎద్దు బండే కదల్దు, మడిసి ఏటి పరిగెడతాది? నీళ్లు ఎనక్కెళ్లినప్పుడు పాటు. అప్పుడు తడిసక సిమెంటు గచ్చులాగుంటాది. అప్పుడు పరిగెత్తు."

"పాటు ఎన్నింటికత్తా?"

"రోజూ ఒక్క ఏలకే రాడానికి అదేటి నీ మేస్టారు గంటా? సెంద్రుడెనకాల తిరుగుతాది. పున్నానికి తెల్లారగట్ల మూడు. ఆణ్ణుంచి రోజుకి ముప్పావు గంట ఎనక్కి. అట్టమికి తొమ్మిదిన్నర. ఏకాసికి మిట్టమద్దేనం. మళ్లీ అమాసకి మూడే."

వింటూ నేను కొయ్యబారిపోయాను. రోజూ ముప్పావు గంట వెనక్కా? ఇదేం సంసారం? ఏ ఎండకా గొడుగు పట్టే మనుషుల్ని చూశాను గాని, గడియారం చేత కూడా అలా పట్టించే మనిషిని ఎక్కడా చూడలేదు. తిథి చూసి గంట కొట్టడానికి నేనేం గుడినా?

ఆ రోజు నుంచి నా బతుకు ఇలా అయింది. తదియనాడు ఒక టైము, చవితినాడు ఇంకో టైము. అష్టమినాడు తొమ్మిదింటికి మోగితే వీధిలోవాళ్లు నవ్వారు. ఏకాదశినాడు చేపలు ఎండేసిన చోట రత్నం పనిలో ఉంటే, గురమ్మ నన్ను పక్కనే ఒక బుట్ట మీద కూచోబెట్టింది. పదకొండింటికి గొంతు చించుకున్నాను. కాకులు లేచిపోయాయి. రత్నం చేతులు కడుక్కుని, చీర కుచ్చిళ్లు విప్పి, లోపల వేసుకున్న ట్రాకు ప్యాంటుతో, నిప్పులు చెరిగే ఎండలో సముద్రం వేపు వెళ్లింది. పిచ్చి అని మాస్టారు దేన్నన్నారో అదే పని. నేను సిగ్గుతో చచ్చాను.

కాని నా సెకన్ల ముల్లు అబద్ధం చెప్పదు. మూడు వారాల్లో ఆరు నిమిషాలు కాస్తా అయిదున్నరయింది. రెండో నెలకి అయిదు నిమిషాల పది.

సంగతి తెలిసి మాస్టారు ఒక నవమినాడు వచ్చారు. పొద్దున్న పదింటికి నేను మోగడం ఆయన చెవులారా విన్నారు. గుమ్మంలో అలాగే నిలబడిపోయారు. ఇంట్లో ఎవరైనా పోయినప్పుడు మనిషి ముఖం ఎలా ఉంటుందో అలా ఉంది ఆయన ముఖం.

"ముల్లు తిప్పారా?" అన్నారు చివరికి.

"తిప్పినాను బాబూ," అంది గురమ్మ. పీట వేసింది, మజ్జిగ ఇచ్చింది, మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. "మీ గడియారం సెప్తే సముద్రం ఇంటాదేటి?"

"చూడమ్మా, వేళాపాళా లేకుండా పరిగెత్తితే ఒంటికి అలవాటు ఎలా పడుతుంది? పరీక్షేమో తెల్లారకట్ల పెడతారు. మధ్యాహ్నం ఎవడు పెడతాడు?"

గురమ్మ ఖాళీ గ్లాసు అందుకుని లోపలికెళ్లింది. నాకు మాత్రం ప్రాణం లేచొచ్చింది. ఇన్నాళ్లకి న్యాయం మాట్లాడే మనిషి వచ్చాడనుకున్నాను. కాని ఆయన ఒడ్డుకి వెళ్లి, రత్నం పరుగు చూసి, చేతి గడియారం రెండుసార్లు చూసుకుని, చెవి దగ్గర పెట్టుకుని కూడా విని, బస్సెక్కి వెళ్లిపోయారు.

తొమ్మిది నెలలు గడిచాయి. ప్రతి సాయంత్రం దీపం పెట్టగానే గురమ్మ చేసే మొదటి పని నా ముల్లు తిప్పడం. తిథి గొణుక్కుంటుంది, వేళ్ల కణుపులు లెక్కపెడుతుంది, తిప్పుతుంది. పగటి వేళకైతే నా అరుపు తాళం మాత్రం మర్నాడు పొద్దున్నే ఇస్తుంది. ఆ చెయ్యి ఎంత అలవాటు పడిపోయిందంటే, ఒక రోజు పక్కింటామెతో దెబ్బలాడుతూ కూడా సరిగ్గా తిప్పింది.

పరుగు పరీక్షకి కాగితం వచ్చింది. పట్నంలో గ్రౌండు. ఉదయం అయిదింటికల్లా గేటు దగ్గరుండాలి. ముందు రోజే బయల్దేరి పట్నంలో గురమ్మ చెల్లెలి ఇంట్లో దిగారు. మాస్టారు వేరే ఊరి నుంచి నేరుగా గేటు దగ్గరికి వస్తానన్నారు. ఆయనకి సెల్‌ఫోను పడదు. రత్నం తన ఫోనుకి ఛార్జి అయిపోకుండా ఆపేసింది. లేపే పని నాది. మూడింటికి లేవాలని అందరూ అనుకున్నారు. మూడు అనే మాట ఆ ఇంట్లో పదిసార్లు వినబడింది.

దీపాలు పెట్టే వేళకి గురమ్మ నన్ను సంచిలోంచి తీసింది. చెల్లెలు ఏదో చెబుతోంది, ఈమె ఊఁ కొడుతోంది. పెదాలు కదిలాయి. "రేపు సవితి," అని గొణుక్కుంది. వేళ్ల కణుపులు లెక్కపెట్టింది. చవితినాడు పాటు ఆరుంబావుకి. లేవాల్సింది అయిదున్నరకి. ముల్లుని తీసుకెళ్లి అయిదున్నర మీద పెట్టి, తాళం ఇచ్చి, రత్నం తల దగ్గర పెట్టి పడుకుంది.

ఇక్కడ సముద్రం లేదు, పాటు లేదు, రేపటి పరీక్ష కోసం తొమ్మిది నెలలు పరిగెత్తిన మనిషి నా పక్కనే హాయిగా నిద్రపోతోంది. నేను మోగుతానన్న నమ్మకంతోనే నిద్రపోతోంది. మూడు దాటింది. నాలుగున్నర వచ్చింది. నా నాలుగున్నర. అప్పుడైనా పాత అలవాటు కొద్దీ ఒక్కసారి కొట్టుకుంటానేమోనని చూశాను. సుత్తి కదల్లేదు. మనిషి తిప్పిన చోటుకి ముల్లు చేరితే తప్ప అరిచే హక్కు నాకు లేదు.

అయిదున్నరకి మోగాను. రత్నం లేచి కూచుంది. కిటికీలో వెలుగు చూసింది, నన్ను చూసింది, మళ్లీ కిటికీకేసి చూసింది. అరవలేదు. ఏడవలేదు. చల్లబడిపోయిన గొంతుతో, "అత్తా, తెల్లారిపోనాది," అంది.

ఆటోలో గురమ్మ నేనున్న సంచిని ఒళ్లో అదిమి పట్టుకుంది. గేటు దగ్గరికి చేరేసరికి ఆరున్నర. గేటు మూసేశారు. బయట మాస్టారు ఒక్కరే నిలబడి ఉన్నారు. ఏమైందని అడిగారు. గురమ్మ ముల్లు సంగతి చెప్పింది. ఆయన అక్కడున్న సిమెంటు దిమ్మ మీద కూలబడ్డారు.

రత్నం గేటు పట్టుకుని గంటన్నరసేపు బతిమాలింది. మొదటి కానిస్టేబులు కుదరదన్నాడు, రెండోవాడు అసలు వినలేదు. ఎనిమిదింటికి ఒక లేడీ ఎస్సై వచ్చి కాగితం చూసింది. "మీ బ్యాచ్ అయిపోయిందమ్మా. లోపలికి రా. ఆఖరి బ్యాచ్‌లో ఖాళీ ఉంటే చూద్దాం. మాట ఇవ్వట్లేదు," అంది. రత్నం లోపలికెళ్లింది. మేం ముగ్గురం ఇనప కంచె ఇవతల మిగిలాం.

గురమ్మ కంచె పక్కన చతికిలబడింది. "నా సేతులే నా కోడలి నోటికాడ కూడు లాగేసినాయి బాబూ. నా కొడుకు ఇంకా ఆ సముద్రంలోనే ఉండిపోతాడు. మీరు సెప్పినట్టు ముల్లు కదపకుండా ఉంచితే ఈ గతి రాకపోను. మీది సదువుకున్న లెక్క. నాది బెస్త లెక్క." చెప్పి నుదురు కొట్టుకుంది.

మాస్టారు వచ్చి ఆమె పక్కన కూచున్నారు. తరవాత మెల్లగా చెప్పారు.

"నాది ఏ లెక్కా కాదమ్మా. నా మొదటి స్కూలు గ్రౌండులోనే గొర్రెల సంత జరిగేది. ఆరింటికల్లా గొర్రెలు దిగిపోయేవి. ఆ లోపల పరుగు అయిపోవాలని నాలుగున్నరకి లేచేవాణ్ణి. ఆ స్కూలు నుంచి బదిలీ అయిపోయాను. అలవాటు మాత్రం నాతో వచ్చేసింది. అడిగినవాళ్లకి గొర్రెల సంగతి చెప్పడానికి సిగ్గేసి, ఒంటికి వేడి అనీ, అదనీ ఇదనీ చెప్పాను. చెప్పగా చెప్పగా నేనే నమ్మేశాను."

గొర్రెలు. ముప్పై ఏడేళ్లు నేను గొర్రెల కోసం మోగాను. సంచిలో చీకట్లో కూచుని ఆ మాట విన్నాను. ఇంతకన్నా ఘోరమైన మాట నా చెవిన ఇంతవరకు పడలేదు. ఒక ముసలమ్మ నన్ను సముద్రాన్ని చూసి తిప్పిందని ఏడ్చానే, ఆ పెద్దమనిషి దేన్ని చూసి తిప్పాడో ఇప్పుడు తెలిసింది. ఆమె లెక్కకి కనీసం చంద్రుడున్నాడు. మనుషులు ఇంత నిబ్బరంగా, ఇన్నేళ్లు, ఇంతమందికి ఉత్త అలవాటుని శాస్త్రమని ఎలా చెప్పగలరో నాకు అర్థం కాలేదు. ఆ రోజున నా పొగరు దిగిపోయింది.

గురమ్మ నవ్వలేదు, తిట్టలేదు. పైట చెంగుతో ముఖం తుడుచుకుని, సంచిలోంచి ఒక అరటిపండు తీసి ఆయన చేతిలో పెట్టింది. "పొద్దుణ్ణుంచి ఏటీ తిన్నట్టు లేరు, తినండి," అంది.

ఎండ ముదిరింది. ఉదయమే అయిపోవాల్సిన ఆఖరి బ్యాచ్, టైము కొలిచే మిషన్లు పనిచెయ్యక, కాగితాలు కలవక, పన్నెండున్నరకి గాని లైన్లో నిలబడలేదు. ఇరవై మందికి ఇద్దరు రాలేదు. పిలిచిన నంబర్లలో రత్నం నంబరు కూడా వినబడింది. గురమ్మ కంచె పట్టుకుని లేచి నిలబడింది. మాస్టారు నన్ను సంచిలోంచి తీసి అరచేతిలో పెట్టుకున్నారు. ఆయన చేతి గడియారంలో సెకన్ల ముల్లు లేదు.

ఈల ఊదారు. ఆడపిల్లలంతా ఒక్క ఊపున దూకారు. రత్నం వెనకబడింది. మొదటి చుట్టు సగంలో ఆమె పద్నాలుగోది. "అయిపోయింది," అన్నారు మాస్టారు. గురమ్మ మాత్రం, "ఆగండి బాబూ, అది ఎప్పుడూ ఎనకే మొదలెడతాది," అంది.

నేల సెగలు కక్కుతోంది. పొద్దున్నే పరిగెత్తి నేర్చుకున్న పిల్లలు ఒక్కొక్కరే నోరు తెరిచేస్తున్నారు. ఒకమ్మాయి వంగి మోకాళ్లు పట్టుకుంది. ఇంకొకామె ఆగి నీళ్లడిగింది. మొదటి చుట్టుకి రెండు నిమిషాల ముప్పై అయిదు సెకన్లు పట్టింది రత్నానికి. అది చాలదు. రెండో చుట్టు అంతకన్నా పది సెకన్లయినా తక్కువలో రావాలి. నా సెకన్ల ముల్లు పరిగెడుతోంది. పుట్టి బుద్ధెరిగాక మొదటిసారి, కాస్త మెల్లగా నడిస్తే బాగుణ్ణని నాకే అనిపించింది. నడవలేను కదా. అది నా జాతిలో లేదు.

ఏకాదశి ఎండల్లో పరిగెత్తిన మనిషి ఆమె. ఆ ఎండ ఆమెకి కొత్త కాదు. మూడు వందల మీటర్లు మిగిలి ఉండగా ఆమె భుజాలు దిగాయి, అడుగు పొడుగయింది. ఒకరిని దాటింది. ముగ్గుర్ని దాటింది. మాస్టారి చెయ్యి చెమటతో నా మీంచి జారుతోంది. "నాలుగు ఇరవై," అని చదివారు. "నాలుగు నలభై." తరవాత ఆయన చదవడం మరిచిపోయి రత్నాన్నే చూశారు. నేను చూస్తూనే ఉన్నాను. గీత దాటేసరికి నాలుగు నిమిషాల యాభై ఆరు సెకన్లు.

నా లెక్క అక్కడ చెల్లదు, వాళ్ల మిషను లెక్కే చెల్లుతుంది. కాబట్టి ఇంకో పావుగంట ముగ్గురం ఊపిరి బిగబట్టుకుని ఉన్నాం. మైకులో ఎనిమిది నంబర్లు చదివారు. ఆరోది రత్నానిది. గురమ్మ కంచెకి తల ఆనించుకుని, శబ్దం లేకుండా, చాలాసేపు ఏడ్చింది.

రత్నం బయటికొచ్చేసరికి కాళ్లు బొబ్బలెక్కాయి, పెదాలు ఎండిపోయాయి. అత్త కాళ్ల దగ్గరే నేల మీద కూచుంది. "ముల్లు నువ్వు సరిగ్గా తిప్పుంటే తెల్లారే పరిగెత్తేసేదాన్ని కదత్తా," అంది, అని నవ్వింది. గురమ్మ కోడలి వీపు మీద ఒక్కటి కొట్టి, ఆ చేత్తోనే నీళ్ల సీసా అందించింది.

తరవాత రత్నం ఫోను ఆన్ చేసి వెరావల్‌కి కలిపింది. ఎర్రయ్య గొంతు బోట్ల ఇంజన్ల చప్పుళ్ల మధ్య దూరంగా వినబడింది.

"నెగ్గినాను మావా," అంది.

"ఎన్నింటికి పరిగెత్తినావు?" అన్నాడు.

"పన్నెండున్నరకి."

"పన్నెండున్నరకా? ఇయ్యాల సవితి గదే. నిండు పోటు. ఆ ఇసకలో ఎలాగ పరిగెత్తినావే?" అతని గొంతులో నిజంగానే దిగ్భ్రమ. భార్యకి ఉద్యోగం వచ్చిందన్న మాటకన్నా ముందు ఆ పోటే తగిలింది అతనికి.

"ఇక్కడ ఇసక లేదు మావా. సముద్రం లేదు," అంది రత్నం.

ఇంజన్ల చప్పుడు కొంచెం దూరమయింది, అతను పక్కకి వచ్చినట్టున్నాడు. అప్పుడు అడిగాడు. "అయితే నాను ఎనక్కొచ్చీనా? ఎప్పుడు రమ్మంటావు?"

"ఏ ఏలకైనా పర్లేదు," అంది. "రా."

అప్పుడు టైమెంతయిందో నాకు తెలుసు. ఎవరూ అడగలేదు.